గోడ గడియారమూ ఎక్సెల్ గ్రాఫూ

మా మామయ్యకు ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వెళ్లే రోడ్డుకు కాస్త లోపలగా, నాలుగు రొయ్యల గుంటలున్నాయి. నేను నెల్లూరు దర్గామిట్టలో ఒక గది అద్దెకు తీసుకుని, చిన్నచిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసి బతుకుతున్నవాణ్ణి. రెండేళ్ల కిందట ఆ గుంటల్లో ఆక్సిజన్ కొలిచే సెన్సర్లు దింపి, వాటిని చదివే ప్రోగ్రాము ఒకటి పైథాన్ అనే కంప్యూటరు భాషలో రాసి, గట్టు మీది షెడ్డులో ఉన్న పాత కంప్యూటరులో పెట్టి ఇచ్చాను. ఆ ప్రోగ్రాముకు ముచ్చటపడి నేనే ఒక తెర కూడా తయారు చేశాను. రంగురంగుల ముళ్లు, గుంటకొక గుండ్రటి మీటరు. మామయ్య దాన్ని రెండు రోజులు చూసి, "ఇదంతా బాగానే ఉండాది గానీ అబ్బాయ్, ఇది నా ఎక్సెల్‌లోకి రాదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను మొదట ఇచ్చిన జవాబు తప్పు. అది ఎందుకు తప్పో తెలిసేసరికి ఒక రాత్రి, ఒక గుంటలో కొంత పంట పోయాయి.

ముందుగా ఆ కోరిక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మా వృత్తిలో ఉన్నవాళ్లు దాన్ని చిన్నచూపు చూస్తారు. "ఎక్సెల్‌లో కావాలంటున్నాడు" అని ఒకరితో ఒకరు చెప్పుకుని నవ్వుకుంటారు, నేనూ నవ్వినవాణ్ణే. కానీ మామయ్య ఎక్సెల్ షీటులో ఆరేళ్ల లెక్కలున్నాయి: పూటపూటకూ వేసిన మేత, రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడడానికి గుంటలో దింపే చెక్ ట్రేలో మిగిలినది, వారానికొకసారి వల వేసి తూచిన సగటు బరువు, జనరేటరుకు పోసిన డీజిలు, కరెంటు బిల్లు, చివరకు ఎన్ని కౌంట్‌లో (అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగినప్పుడు) పట్టుబడి పట్టారో, ఆ రోజు ధర ఎంతో. ఆక్సిజన్ గీత ఆ లెక్కల పక్కన ఉంటేనే ఆయనకు దానితో పని. మేత ఎక్కువ వేసిన రోజు రాత్రి ఆక్సిజన్ ఎంత పడిందో చూడాలన్నప్పుడు నాకు ఫోన్ చేసి, నేను తీరిక చేసుకుని, ప్రోగ్రాములో మరో తెర చేర్చేదాకా ఆగవలసిన అవసరం ఆయనకు లేదు. రెండు నిలువు వరుసలు ఎంచుకుని గ్రాఫు తానే గీసుకుంటారు. 1979లో ఆపిల్-2 కంప్యూటరు మీద విజికాల్క్ అనే లెక్కల షీటు వచ్చిన నాటి నుంచీ, ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీటు ఇంతగా నిలవడానికి కారణం ఈ స్వాతంత్ర్యమే అని నేను అనుకుంటాను. నేను రాసిన సాఫ్ట్‌వేర్ ఆయనకు అద్దె ఇల్లు, మేకు కొట్టాలన్నా నన్ను అడగాలి. షీటు సొంత ఇల్లు.

ఇక గుంట సంగతి. మన దేశంలో వనామి అనే రొయ్య రకానికి 2009లో అనుమతి వచ్చాక మా తీరంలో టైగర్ రొయ్య దాదాపు వెనక్కి పోయింది. వనామి గుంటల్లో రొయ్యలు దట్టంగా ఉంటాయి కాబట్టి నీటిలో కరిగిన ఆక్సిజనే ప్రాణం. పగలు నీటిలోని నాచు, సూక్ష్మమైన పచ్చదనం ఎండకు ఆక్సిజన్ తయారు చేస్తాయి. మధ్యాహ్నానికి లీటరుకు పది మిల్లీగ్రాములు దాటడమూ ఉంది. పొద్దు గూకిన తరువాత ఆ పచ్చదనమూ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌నే తినడం మొదలుపెడతాయి. అందువల్ల అతి తక్కువ అంకె తెల్లవారుజామున, సూర్యుడు రావడానికి కాస్త ముందు కనిపిస్తుంది. నాలుగుకు పైన ఉంటే నిశ్చింత, మూడు కిందికి దిగితే రొయ్యకు ఊపిరాడదు. నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పితే ఆక్సిజన్ నిలుస్తుంది, కానీ కరెంటు కాలుతుంది. ఎన్ని తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి అన్నదే రాత్రి కాపలా ఉండే మనిషి తీసుకోవలసిన నిర్ణయం. గ్రాఫు ఆ ఒక్క నిర్ణయం కోసమే.

నేను మొదట చేసింది చాలామంది చేసేదే. నా ప్రోగ్రాము పది సెకన్లకొకసారి సెన్సర్లను చదివి, తెరిచి ఉన్న ఎక్సెల్‌ను బయటి నుంచి పట్టుకుని, కింది ఖాళీ వరుసలో సమయాన్నీ నాలుగు గుంటల అంకెలనూ తానే రాసేసేది. ఆ వరుసలను టేబుల్‌గా మార్చి గ్రాఫు గీస్తే, కొత్త వరుస చేరినప్పుడల్లా గీత దానంతట అదే ముందుకు పాకుతుంది. మామయ్య కళ్ల ముందే గీత కదులుతుంటే ఆయన ముఖంలో కనిపించిన సంతోషం, నిజం చెప్పాలంటే, నా గుండ్రటి మీటర్లకు దక్కలేదు. రెండు నెలలు అంతా సవ్యంగా నడిచింది.

ఆ రాత్రి పదకొండూ నలభైకి మా సూపర్‌వైజరు మరుసటి రోజు మేత లెక్క రాయడానికి షీటులో ఒక గడిలో 42 అని కొట్టాడు. ఎంటరు నొక్కబోయే లోపల ఫోను మోగింది. మాట్లాడుతూ గట్టు మీదికి వెళ్లిపోయాడు. ఎక్సెల్‌లో ఒక గడి ఇలా సగం రాతలో ఉంటే, బయటి ప్రోగ్రాములు పంపే ఏ పనినీ అది తీసుకోదు. తిరస్కరించానని ఒక లోపం సందేశం మాత్రం తిప్పి పంపుతుంది. ఆ సందేశం నా ప్రోగ్రాముకు వచ్చింది, పది సెకన్లకొకటి చొప్పున తెల్లవార్లూ వచ్చింది. కానీ నేను రాసిన కోడులో, లోపం వస్తే పట్టించుకోక ముందుకు పో అని ఉంది. ఎప్పుడో ఒకసారి ఇలాంటి లోపం వచ్చి ప్రోగ్రాము ఆగిపోతే, విసుగు పుట్టి ఆ రెండు వరుసలు నేనే చేర్చాను.

సూపర్‌వైజరు ఒంటి గంటకు వచ్చి తెర చూశాడు. రెండో గుంట గీత 5.4 దగ్గర ఉంది. బాగుందనుకుని కరెంటు ఆదాకు రెండు ఏరేటర్లు ఆపాడు. మూడింటికి మళ్లీ చూశాడు, అదే 5.4. తెల్లవారుజామున గట్టు మీద టార్చి వేసి చూసేసరికి రెండో గుంటలో రొయ్యలు అంచు వెంబడి నీటిపైకి తేలి ఉన్నాయి. ఉన్న ఏరేటర్లన్నీ తిప్పి, ఆక్సిజన్ బిళ్లలు చల్లి చాలామటుకు కాపాడారు గానీ, ఆ ఉదయం తట్టల్లోకి ఎత్తిన చచ్చిన రొయ్యలను నేను మరిచిపోలేదు. నేను షెడ్డుకు చేరేసరికి తెర మీద ఆ గడి ఇంకా తెరిచే ఉంది, 42 పక్కన కర్సరు మిణుకుమిణుకుమంటూ.

మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. సూపర్‌వైజరును మాత్రం అన్నారు, అది నాకు ఇంకా కష్టంగా తోచింది. ఎందుకంటే అతను చేసిన తప్పేమీ లేదు. అతను గ్రాఫు చూశాడు, గ్రాఫు చెప్పినట్టు నడుచుకున్నాడు. ఆగిపోయిన గీతా, ఏ మార్పూ లేని గీతా చూడడానికి ఒకేలా ఉంటాయి.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. సొంత సాఫ్ట్‌వేర్ నుంచి స్ప్రెడ్‌షీటుకు సజీవమైన అంకెలు ఇవ్వడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ వేగం గురించే మాట్లాడతారు: ఎన్ని సెకన్లకు మారుతుంది, ఇంకా త్వరగా మారదా అని. నా దృష్టిలో వేగం రెండో సంగతి. గ్రాఫు తన వయసు తాను దాచుకోకుండా చెప్పగలుగుతోందా అన్నది మొదటి సంగతి. ఐదు నిమిషాలు పాతబడిన అంకెను ఐదు నిమిషాల పాతదని చెప్పే గ్రాఫుతో గుంట నడపవచ్చు. క్షణక్షణం కదిలే గ్రాఫు ఆగిన సంగతి చెప్పకపోతే దానికంటే చెక్ ట్రే నయం.

ఆ తర్వాత నేను చేసిన మొదటి మార్పు దిశను తిప్పడం. అంతకుముందు నా ప్రోగ్రాము వెళ్లి ఎక్సెల్ తలుపు తట్టేది. తీయకపోతే తెచ్చినది అక్కడే పారబోసి వచ్చేది. పైగా అంకెలకు ఆ షీటే ఖజానా అయింది కాబట్టి, ఆ రాత్రి ఆక్సిజన్ ఏ గంటకు ఎంత పడిందో ఈ రోజుకూ మాకు తెలియదు. ఇప్పుడు నా ప్రోగ్రాము ఎక్సెల్ ఊసే ఎత్తదు. చదివిన ప్రతి అంకెనూ సీక్వెలైట్ డేటాబేసులో రాసుకుంటుంది. అదే కంప్యూటరులో ఒక చిన్న వెబ్ చిరునామా తెరిచి ఉంచుతుంది. ఎవరైనా అడిగితే గడిచిన 24 గంటల వరుసలను కామాలతో విడదీసిన మామూలు పాఠంగా ఇస్తుంది. ఎక్సెల్‌లో బయటి నుంచి అంకెలు తెచ్చుకునే పవర్ క్వెరీ అనే సదుపాయం తనకు వీలున్నప్పుడు వచ్చి అడిగి తీసుకుపోతుంది. ఎవరైనా గడిని సగంలో వదిలేసి వెళ్తే అప్పటికి అడగడం ఆగుతుంది గానీ అంకె ఒక్కటీ పోదు; మళ్లీ అడిగినప్పుడు మధ్యలోవి అన్నీ వచ్చి చేరతాయి. ఫైలు రూపంలో ఇవ్వకుండా చిరునామా ఎందుకంటే, ఆ ఫైలును ఎవరైనా రెండుసార్లు నొక్కి నేరుగా ఎక్సెల్‌లో తెరిచారంటే, మూసేదాకా ఎక్సెల్ దాన్ని పట్టుకుని వదలదు. నా ప్రోగ్రాము అందులో రాయలేదు. అది కూడా అనుభవం మీద తెలిసినదే.

ఈ దిశ సంగతి తెలిసినవాళ్లు ఎక్సెల్‌ను తయారు చేసిన చోటే ఉన్నారు. 1987 నుంచి విండోస్‌లో ఉన్న డీడీఈ అనే పాత పద్ధతిలో ప్రోగ్రాములు ఒకదానికొకటి సందేశాలు పంపుకునేవి. ఆ తర్వాత ఎక్సెల్ 2002లో ఆర్‌టీడీ అనే ఫంక్షను వచ్చింది. అందులో మన ప్రోగ్రాము కొత్త అంకె ఉందని సైగ మాత్రమే చేస్తుంది. ఎక్సెల్ తన పని చూసుకుని, తీరిక అయినప్పుడు వచ్చి తీసుకుంటుంది. మనం ఏమీ మార్చకపోతే రెండు సెకన్లకంటే తొందరగా రాదు. షేర్ల ధరలు చూసేవాళ్లకు అది చక్కగా సరిపోతుంది. నాకు సరిపోలేదు, ఎందుకంటే ఆర్‌టీడీ ఒక గడిలో తాజా అంకె ఒకటి ఇస్తుంది. గ్రాఫుకు కావలసింది గడిచిన అంకెల వరుస. తాజా అంకెను ఎక్కడో పేర్చుకుంటూ పోవడం మళ్లీ మన నెత్తినే పడుతుంది. గ్రాఫు కోసమైతే నిన్నటి నుంచి నేటి దాకా ఉన్న వరుసలన్నీ ఒక్కసారిగా అడగడమే సులువు. పవర్ క్వెరీని నిమిషానికి ఒకసారి కంటే ఎక్కువగా తాజా చేయమని పెట్టలేము. అది లోపమని మొదట అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. గుంటలో ఆక్సిజన్ సెకన్లలో పడిపోదు, ఏరేటరు దగ్గరికి నడిచి వెళ్లడానికే మూడు నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాలకొకసారి అని పెట్టాను.

ఎన్ని అంకెలు పంపాలన్నదీ అలాంటిదే. పది సెకన్లకొక రీడింగు అంటే రోజుకు 8,640 వరుసలు. ఈనాటి ఎక్సెల్ షీటులో పట్టేవి 10,48,576 వరుసలు, అంటే 121 రోజులకు నిండుతుంది; వనామి ఒక పంట కాలం అటూ ఇటూగా అంతే. సరిగ్గా పట్టుబడి సమయానికి షీటు నిండిపోయేలా నేను తెలియకుండానే ఏర్పాటు చేశానన్నమాట. 2007కు ముందటి రకం షీటులో అయితే 65,536 వరుసలే. 2020లో ఇంగ్లండులో కోవిడ్ ఫలితాలను ఆ పాత రకం ఫైళ్లలోకి ఎక్కించడం వల్లనే సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కకుండా జారిపోయాయి. ఇప్పుడు నేను ఐదు నిమిషాలలోని ముప్పై రీడింగులకు ఒకే అంకె ఇస్తున్నాను, రోజుకు 288 వరుసలు. ఆ అంకె సగటు కాదు, మధ్యగతం, అంటే ముప్పై రీడింగులనూ వరుసగా పేరిస్తే నడిమధ్యన నిలిచే విలువ. ఏరేటరు చిమ్మే గాలి బుడగ సెన్సరు మూతికి అంటుకున్నప్పుడు ఒకటి రెండు రీడింగులు ఉన్నట్టుండి ఎగురుతాయి. సగటు ఆ ఎగురుడును లోపలికి తీసుకుంటుంది, మధ్యగతం తీసుకోదు. పూర్తి అంకెలు డేటాబేసులో ఎలాగూ ఉన్నాయి.

సమయం దగ్గర ఇంకో దెబ్బ తిన్నాను. ప్రోగ్రాములు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తాయి. ఎక్సెల్ 1900 మొదలుగా రోజుల్లో లెక్కిస్తుంది. ఆ రెంటికీ మధ్య 25,569 రోజులు కలుపుకోవాలని నాకు తెలుసు, కలిపాను. కానీ మొదటిది గ్రీన్విచ్ కాలం, మనది ఐదున్నర గంటలు ముందు, అది మరిచాను. గ్రాఫు ఎంతో అందంగా వచ్చింది. మామయ్య దాన్ని కాసేపు చూసి, "పదకొండున్నరకే అంత అడుక్కి ఎట్టా పడద్ది అబ్బాయ్? తెల్లారుజామున కదా పడాల్సింది?" అన్నారు. ఐదు గంటల పల్లం గ్రాఫులో ముందు రోజు రాత్రి పదకొండున్నరకు కూర్చుంది. కోడు పరీక్షించేవాళ్లు పట్టలేని తప్పును గుంట తెలిసిన మనిషి ఒక్క చూపులో పట్టారు. తనకు తెలిసిన పనిముట్టులో గ్రాఫు ఉండబట్టే ఆయన దాన్ని ప్రశ్నించగలిగారని నాకనిపిస్తుంది. నా గుండ్రటి మీటర్లను ఆయన ఎన్నడూ ప్రశ్నించలేదు.

గ్రాఫు రకం ఎంచుకోవడంలోనూ నిజాయితీ ఉంది. ఎక్సెల్‌లో లైన్ చార్టు పెట్టి అడుగు అక్షాన్ని తేదీలుగా ఉంచితే, దాని అతి చిన్న కొలత ఒక రోజు. ఆ రోజు 288 చుక్కలూ ఒకే నిలువు గీత మీద గుట్టగా పడతాయి. విసిగిపోయి ఆ అక్షాన్ని అక్షరాలుగా మారిస్తే చుక్కలన్నీ సమాన దూరంలో కూర్చుంటాయి, చూడముచ్చటగా ఉంటుంది. కానీ మూడు గంటలు కరెంటు లేక రీడింగులే లేని చోట ఆ మూడు గంటలూ మాయమై రెండు కొసలూ అతుక్కుంటాయి. కాలాన్ని కాలంగా చూపేది, ప్రతి చుక్కనూ దాని అసలు సమయం దగ్గరే పెట్టే స్కాటర్ చార్టు ఒక్కటే. దానిలోనూ చుక్కలను గీతతో కలిపితే, లేని మూడు గంటల మీదుగా నిండు నమ్మకంతో వంతెన వేస్తుంది. అందుకని రీడింగు రాని ప్రతి ఐదు నిమిషాలకూ నా ప్రోగ్రాము సమయం రాసి, అంకె ఉండవలసిన చోట ఏమీ రాయకుండా ఒక వరుస పంపుతుంది. నిజంగా ఖాళీగా ఉన్న గడి దగ్గర ఎక్సెల్ గీతను తెంపుతుంది. సున్నా రాస్తే గుంట చచ్చిందని గుండె ఆగుతుంది; ఫార్ములాతో ఖాళీ మాట రాసినా దాన్ని సున్నాగానే గీస్తుంది. నిలువు అక్షాన్ని సున్నా నుంచి పన్నెండు దాకా బిగించి పెట్టాను. ఎక్సెల్‌కే వదిలేస్తే 5.1కీ 5.3కీ మధ్య ఊగిసలాటను కూడా పెంచలకోన కొండల్లా చూపిస్తుంది.

ఇంత చేశాక వయసు సంగతికి వచ్చాను, వచ్చి మళ్లీ బోల్తా పడ్డాను. ఇప్పటి సమయంలో నుంచి ఆఖరి రీడింగు సమయాన్ని తీసేస్తే గ్రాఫు వయసు వస్తుంది కదా అని, ఇప్పటి సమయం ఇచ్చే నౌ ఫంక్షనుతో ఒక గడి రాసి, పది నిమిషాలు దాటితే ఎర్రబడేలా పెట్టాను. సెన్సరు తీగ పీకి పరీక్షించాను. గడి ఎర్రబడింది. మరో వారం తరువాత ఎందుకో అనుమానం వచ్చి, ఈసారి తీగ జోలికి పోకుండా, గడిని సగంలో తెరిచి వదిలి టీ తాగి వచ్చాను. అరగంట అయినా ఎర్రబడలేదు. నౌ ఫంక్షను గడియారం కాదు. షీటు తిరిగి లెక్క వేసుకున్నప్పుడు మాత్రమే అది సమయం చూసుకుంటుంది. షీటే ఆగిపోతే వయసు చెప్పే గడి కూడా దానితోపాటే ఆగిపోతుంది. నిమిషానికొకసారి నడిచే మాక్రో (ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాము) పెడదామా అంటే, గడి తెరిచి ఉన్నంతసేపూ అదీ నడవదు. ఆగిపోయిన ఎక్సెల్ తాను ఆగానని చెప్పలేదు. మూర్ఛపోయినవాణ్ణి లేపి మూర్ఛపోయావా అని అడగడం లాంటిది అది.

కాబట్టి రెండు పనులు చేశాను. ప్రమాద హెచ్చరికను ఎక్సెల్ నుంచి పూర్తిగా తీసేశాను. ఏ గుంటలోనైనా నాలుగు కిందికి దిగినా, పది నిమిషాలు రీడింగు రాకపోయినా, నా ప్రోగ్రామే షెడ్డు మీది సైరన్ మోగిస్తుంది. ఎక్సెల్ తెరిచి ఉందా మూసి ఉందా అన్నదానితో దానికి పనిలేదు. మరి అలాంటప్పుడు ఎక్సెల్ గ్రాఫు దేనికి అని నా స్నేహితుడు ఒకడు అడిగాడు. సైరన్ మోగేది ఆపద వచ్చాక. ఆపద ఎటు నుంచి వస్తోందో చూపేది గ్రాఫు. నాలుగు రోజులుగా రోజురోజుకూ పల్లం లోతవుతోందని మామయ్య తన మేత లెక్క పక్కన చూసి, సైరన్ మోగకముందే మేత తగ్గించిన రోజులున్నాయి.

రెండో పని మరీ చిన్నది. గ్రాఫు శీర్షికను ఒక గడికి ముడిపెట్టాను. ఆ గడిలో వయసు లేదు, తీసివేతలు లేవు. ఆఖరి రీడింగు వచ్చిన గంట, నిమిషం మాత్రం ఉంటాయి. వాటిని షెడ్డు గుమ్మం నుంచి కనిపించేంత పెద్ద అక్షరాల్లో పెట్టాను. కంప్యూటరు పైన గోడకు ఒక గడియారం కొట్టాం. బ్యాటరీతో నడిచేది, ఏ ప్లగ్గుతోనూ సంబంధం లేనిది. సూపర్‌వైజరుకు చెప్పింది ఒక్కటే: ముందు ఆ రెండు సమయాలూ చూడు, తర్వాత గీత చూడు.

కిందటి వేసవిలో ఒక రాత్రి అతని దగ్గర నుంచి ఫోను వచ్చింది. "అన్నా, బొమ్మ మీద రెండూ పది అనుండాది, గోడ మీద మూడు కావస్తా ఉండాది" అన్నాడు. సైరన్ మోగలేదా అని అడిగాను. లేదన్నాడు. ముందు ఏరేటర్లన్నీ వేసి, చేతి మీటరుతో గుంటలు చూడమన్నాను. ఎక్కడా నాలుగుకు తగ్గలేదు. తర్వాత వైర్ల వెంట చూడమంటే చూసి నవ్వాడు. సెన్సర్ల పెట్టె, సైరన్, రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలించి పెట్టాను నేను. ఎవరో దాని ప్లగ్గు పీకి అక్కడ సెల్‌ఫోను చార్జరు పెట్టారు.